పాల జిగురు, బాల్సా చెక్క, మాధవాయిపాలెం బట్ట

1938లో కొత్త యుద్ధవిమానాన్ని చెక్కతో చేస్తామని ఎవరైనా అంటే బ్రిటన్ వైమానిక మంత్రిత్వశాఖలో నవ్వుకునేవాళ్లు. నవ్వడానికి కారణం లేకపోలేదు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి ఎగిరిన కాలం అప్పటికే పాతబడిపోయింది. స్పిట్‌ఫైర్ ఒళ్లంతా లోహమే. అవతల జర్మన్ల మెసర్‌ష్మిట్ 109 కూడా అంతే. అల్యూమినియంలో కాస్త రాగి, మెగ్నీషియం కలిపిన డ్యూరాల్యుమిన్ రేకు, దాన్ని పట్టి ఉంచే రివెట్లు: ఆధునిక విమానమంటే అదీ అని అందరూ తేల్చేసుకున్నారు.

హాట్‌ఫీల్డ్‌లోని డి హావిలాండ్ కంపెనీ మాత్రం తేల్చుకోలేదు. జెఫ్రీ డి హావిలాండ్‌కి చెక్క పాత పరిచయమే. 1934లో ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్‌కి జరిగిన పందెంలో గెలిచిన కామెట్ ఆయన కంపెనీదే. రెండు ఇంజన్ల ఆ చెక్క విమానం ఆ దూరాన్ని మూడు రోజుల లోపే దాటింది. ఆ తర్వాత 1937లో ఆల్బట్రాస్ అనే ప్రయాణికుల విమానం వచ్చింది. అమ్మకాల్లో అది పెద్దగా నిలబడలేదు గానీ, దాని మొండెం కట్టిన తీరులోనే అసలు సంగతి దాగి ఉంది. రెండు పలచని ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి అతికించారు. అందరూ వెనక్కి వెళ్లడం అనుకున్న చెక్క వాడకం ఈ కంపెనీకి కొత్త దారి చూపింది.

డి హావిలాండ్ వాదన సూటిగా ఉంది. యుద్ధం వస్తే అల్యూమినియం కోసం అందరూ కొట్టుకుంటారు, లోహం పని తెలిసినవాళ్లు దొరకరు. అదే సమయంలో కుర్చీలు, బీరువాలు, పియానోలు చేసే వడ్రంగులు పని లేక ఖాళీగా కూర్చుంటారు. చెక్కతో నమూనా త్వరగా తయారవుతుంది, తప్పొస్తే మార్చడం తేలిక. రివెట్ల తలకాయలు ఉండవు కాబట్టి పైపొర నున్నగా ఉండి గాలి సాఫీగా జారిపోతుంది. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: ఈ బాంబర్‌కి తుపాకులే వద్దు. తుపాకులు, వాటిని పేల్చే మనుషులు, ఆ బరువంతా తీసేసి ఇద్దరు మనుషులు, రెండు మెర్లిన్ ఇంజన్లతో వదిలితే శత్రువు అందుకోలేనంత వేగంగా పోతుంది. మంత్రిత్వశాఖ పెద్దలకు చెక్క ఒక వింత అయితే, తుపాకీ లేని బాంబర్ ఇంకో వింత.

ఆ పెద్దల్లో ఒక్కడికి మాత్రం నమ్మకం కుదిరింది. ఆయన ఎయిర్ మార్షల్ సర్ విల్‌ఫ్రిడ్ ఫ్రీమన్. ఆయన పట్టుబట్టడంతో 1940 మార్చి 1న 50 విమానాలకు ఆర్డరు వచ్చింది. గిట్టనివాళ్లు దాన్ని ఫ్రీమన్ పిచ్చి అన్నారు. డన్‌కర్క్ నుంచి సైన్యం వెనుదిరిగాక, ఉన్న బలమంతా అప్పటికే నడుస్తున్న అయిదు రకాల విమానాల మీదే పెట్టాలని విమానాల తయారీ మంత్రి బీవర్‌బ్రూక్ నిర్ణయించడంతో ఈ పని జాబితాలోంచి జారిపోయింది. జూలైలో మళ్లీ ఎక్కింది. అక్టోబరు 3న ఒక జర్మన్ జంకర్స్ 88 హాట్‌ఫీల్డ్ మీద బాంబులు వేస్తే 21 మంది చనిపోయారు, మస్కిటో అని పేరుపెట్టిన ఈ విమానం కోసం సిద్ధం చేసుకున్న సరంజామాలో చాలా భాగం బూడిదైంది. ఈ గోలకు కాస్త దూరంగా, లండన్ కోల్నీ దగ్గర చుట్టూ నీటి కందకం ఉన్న సాలిస్‌బరీ హాల్ అనే పాత బంగళాలో కంపెనీ ప్రధాన డిజైనర్ రొనాల్డ్ బిషప్ బృందం డ్రాయింగు బల్లలు వేసుకుని పని కానిస్తోంది. తొలి నమూనాను ఆ ఆవరణలోనే, పైనుంచి చూస్తే ధాన్యపు కొట్టంలా కనిపించే షెడ్డులో కట్టారు.

బాల్సాను చేతిలోకి తీసుకుంటే విమానానికి పనికొస్తుందని ఎవరూ అనుకోరు. గోటితో నొక్కితే సొట్ట పడుతుంది. ఈక్వడార్ తేమ అడవుల్లో అయిదారేళ్లకే కోతకు వచ్చేంత తొందరగా పెరిగే చెట్టు. ఎండబెట్టిన చెక్క టేకు బరువులో నాలుగో వంతుకు అటూఇటూగా ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టింది బరువు మోయడానికి కాదు. సామాను వచ్చే అట్టపెట్టెను చీల్చి చూడండి: రెండు కాగితాల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం ఉంటుంది. విడిగా ఆ కాగితాలు నిలబడవు. రెంటినీ ఎడంగా పట్టి ఉంచితే పెట్టె మీద మనిషి కూర్చోవచ్చు. బాల్సా పనీ అదే. ఏ పలకైనా వంగేటప్పుడు ఒక వైపు సాగుతుంది, ఇంకో వైపు నొక్కుకుపోతుంది. మధ్యలో పడే బలం తక్కువ. కాబట్టి గట్టి చెక్క పైనా కిందా ఉంటే చాలు. మస్కిటో మొండెంలో పైన, కింద సుమారు రెండు మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్, మధ్యలో సుమారు 11 మిల్లీమీటర్ల బాల్సా. లోహపు విమానంలో పలచని రేకు ముడుచుకుపోకుండా లోపల దగ్గరదగ్గరగా పక్కటెముకలు వేయాలి. ఇక్కడ ఆ అవసరం చాలావరకు పోయింది. ఏడు అడ్డుగోడలతో సరిపెట్టారు.

మొండెం కట్టే పద్ధతి ఇంకా ముచ్చటైంది. ముక్కు నుంచి తోక దాకా నిలువునా రెండు సగాలుగా చేశారు. ఒక్కో సగానికి ఒక్కో అచ్చు. మొదట మహాగని చెక్కతో, తర్వాత కాంక్రీటుతో. అడ్డుగోడలు కూర్చోవాల్సిన చోట అచ్చులోనే గాడులు ఉంటాయి. ముందు లోపలి ప్లైవుడ్‌ను అచ్చు మీద పరుస్తారు. దాని మీద జిగురు పూసి బాల్సా బద్దలు పక్కపక్కనే పేరుస్తారు. తలుపులు, రెక్కలు, కిటికీలు వచ్చేచోట బాల్సా తీసేసి గట్టి కొయ్య దిమ్మలు దిగేస్తారు, ఎందుకంటే బోల్టు బిగిస్తే బాల్సా నలిగిపోతుంది. పైన ఉక్కు పట్టీలు వేసి, మరలు తిప్పి, మొత్తాన్ని అచ్చుకి అదిమి జిగురు ఆరేదాకా ఉంచుతారు. ఆరాక పట్టీలు విప్పి బాల్సాను నున్నగా చిత్రిక పట్టి, బయటి ప్లైవుడ్ వేసి మళ్లీ బిగిస్తారు. అచ్చు మీంచి దిగిన సగం ఒక పెద్ద దోనెలా తెరిచి ఉంటుంది. వైర్లు, గొట్టాలు, కంట్రోలు తీగలు మనుషులు నిటారుగా నిలబడి ఆ తెరిచిన సగాల్లోనే అమర్చేవాళ్లు. లోహపు విమానంలో ఇదే పని కోసం చీకటి గుహలాంటి మొండెంలోకి దూరి వంకర్లు తిరగాలి. అన్నీ అమర్చాక రెండు సగాలనూ అంచున గాడి కుదిర్చి అతికిస్తారు. రెక్క మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే ముక్క, 54 అడుగులకు పైగా. స్ప్రూస్ పొరలు అతికించి చేసిన స్పార్లు అనే దూలాలు, వాటి మీద ప్లైవుడ్, వేలాది ఇత్తడి స్క్రూలు.

1940 నవంబరు 25న డి హావిలాండ్ పెద్దకొడుకు, ఆయన పేరూ జెఫ్రీయే, పసుపు రంగు పూసిన ఆ నమూనాను హాట్‌ఫీల్డ్‌లో పైకి లేపాడు. ఆర్డరు వచ్చి తొమ్మిది నెలలు నిండకముందే. మరుసటి ఫిబ్రవరిలో బాస్కోంబ్ డౌన్ పరీక్షల్లో అది 22,000 అడుగుల ఎత్తున గంటకు 620 కిలోమీటర్లు దాటింది. అప్పటి స్పిట్‌ఫైర్ కంటే ఎక్కువ వేగం. అక్కడే ఒక అపశకునం కూడా జరిగింది. గతుకుల నేల మీద పోతుంటే తోక చక్రం బిగుసుకుని మొండెం పగిలింది. రెండో నమూనా కోసం చేసిన మొండెం తెచ్చి వేసేశారు, పరీక్షలు సాగాయి. ఆ ఏడు మే 15న ఫైటర్ నమూనా లేచింది. దాన్ని విడదీసి హాట్‌ఫీల్డ్‌కి మోసుకుపోవడం ఎందుకని చిన్న జెఫ్రీ సాలిస్‌బరీ హాల్ పక్కనున్న పొలంలోంచే ఎగరేశాడు. రాత్రిపూట శత్రు బాంబర్లను వేటాడే రకం, నాలుగు ఫిరంగులతో నాలుగు మెషిన్‌గన్‌లతో దాడి చేసే ఫైటర్‌బాంబర్ రకం ఆ నమూనా సంతానమే. తుపాకులు వద్దని మొదలైన విమానం చివరికి అన్నిటికంటే ఎక్కువగా తయారైంది ఈ ఫైటర్‌బాంబర్ రూపంలోనే.

చెక్క బయటికి కనిపించేది కాదు. ప్లైవుడ్ మీద సన్నని నూలుబట్ట పరిచి, డోపు అనే వార్నిష్‌లాంటి పూత పూసి బిగుతుగా అంటించి, దాని మీద రంగు వేసేవాళ్లు. తేమ చొరబడకుండా, అతుకులు తెలియకుండా, అంతా ఒకే చర్మంలా ఉండటానికి. ఆ బట్ట పేరు మాడపోలం. నరసాపురం దగ్గర గోదావరి గట్టున ఉన్న మన మాధవాయిపాలెమే అది. సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కే రేవు అనగానే ఆ ప్రాంతం వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ కోఠీ పెట్టి చుట్టుపక్కల నేతగాళ్ల బట్టను ఓడల్లో పంపించింది. ఓడలే కాదు, ఓడలు కట్టే పనికీ నరసాపురం, మాధవాయిపాలెం రేవులకు ఆ రోజుల్లో మంచి పేరు. ఇంగ్లీషు వర్తకులు తమ ఓడలు అక్కడి వడ్రంగుల చేత కట్టించుకునేవాళ్లు. తర్వాతి కథ తెలిసిందే. ఆ తెల్లని సాదా నేతను లాంకషైర్ మిల్లులు మరమగ్గాల మీద నేసి, అదే పేరుతో తిరిగి మన దేశానికే అమ్మాయి. మస్కిటో మీద పరిచిన బట్ట గోదావరి జిల్లా మగ్గం మీద నేసింది కాదు. ఊరి పేరు మిగిలింది, ఊరి నేతగాడికి మిగిలింది ఏమీ లేదు. బ్రిటిష్ విమాన చరిత్రలు రాసినవాళ్లలో చాలామంది ఆ బట్ట పేరు చెప్పి ముందుకు వెళ్లిపోతారు. మనం కాసేపు ఆగవచ్చు.

మిగతా సరుకు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చింది. బాల్సా ఈక్వడార్ నుంచి, బర్చ్ పొరలు కెనడా నుంచి, అమెరికాలోని విస్కాన్సిన్ నుంచి, స్ప్రూస్ ఉత్తర అమెరికా పడమటి తీరం నుంచి. లోహం కొరత తప్పించుకోవడానికి చెక్క పట్టుకుంటే, ఆ చెక్క జర్మన్ జలాంతర్గాములు తిరిగే అట్లాంటిక్ దాటి రావాలి. ఈ తిరకాసును మస్కిటోని పొగిడేవాళ్లు సాధారణంగా ఎత్తరు. పని మాత్రం అనుకున్నట్టే పంచుకున్నారు. కుర్చీలకు పేరుపడ్డ హై వికంబ్ ఊరి వర్క్‌షాపులు, లండన్ టాటెన్‌హామ్‌లోని హ్యారిస్ లీబస్ ఫర్నిచర్ ఫ్యాక్టరీ, మోటారు బండ్ల బాడీలు కట్టే కంపెనీలు తలో భాగం చేశాయి. పనిచేసినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. కెనడాలో, ఆస్ట్రేలియాలో కూడా తయారీ మొదలైంది. మొత్తం మీద 7,781 మస్కిటోలు తయారయ్యాయి. 1943 జనవరి 30న, నాజీలు అధికారానికి వచ్చి పదేళ్లయిన సందర్భంగా జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ రేడియోలో ప్రసంగించబోయే వేళకు, పట్టపగలు బెర్లిన్ మీద బాంబులు వేసి ఆ ప్రసంగాన్ని ఆపించింది ఈ చెక్క విమానాలే.

చెట్ల గురించి ఎంత చెప్పుకున్నా, ఈ విమానం ఎగిరింది జిగురు మీద. రివెట్ ఊడితే కంటికి కనిపిస్తుంది. జిగురు వదిలితే ప్లైవుడ్ ఊడేదాకా తెలియదు. మొదటి మస్కిటోలకు వాడింది కేసిన్, అంటే పాల జిగురు. వెన్న తీసిన పాలను విరగ్గొట్టి, ఆ విరుగుడు ఎండబెట్టి పొడి చేసి, సున్నం, సోడా లవణాలతో నీళ్లలో కలిపితే చెక్కను గట్టిగా పట్టే జిగురు తయారవుతుంది. మామూలు వాతావరణంలో దానికి వంక పెట్టలేం. తడి తగిలితే మాత్రం మెత్తబడుతుంది. పైగా అది పాలే కదా, తేమలో బూజు పట్టి, సూక్ష్మజీవులు తినేస్తాయి.

దీనికి జవాబు వెతికినవాడు నార్మన్ డి బ్రూయిన్. కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి, విమానాల మోజులో పడి స్వయంగా స్నార్క్ అనే విమానం కట్టి, డక్స్‌ఫర్డ్‌లో ఏరో రీసెర్చ్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. అవిసె నారను రెజిన్‌లో ముంచి వేడిగా నొక్కి లోహానికి బదులు వాడొచ్చని నిరూపించడానికి ఆయన పదార్థంతో ఒక స్పిట్‌ఫైర్ మొండెం కూడా ప్రయోగంగా చేశారు. ఇవాళ కాంపోజిట్లంటున్నవాటికి అది ముందు తరం. ఆ పదార్థం యుద్ధంలోకి పోలేదు గానీ, 1930ల చివర్లో ఆయన తెచ్చిన ఏరోలైట్ అనే జిగురు పోయింది. యూరియానీ ఫార్మాల్డిహైడ్‌నీ కలిపి చేసిన రెజిన్ అది. రెజిన్ ఒక చెక్కకు పూస్తారు, ఆమ్లపు గట్టిపరిచే ద్రావణం రెండో చెక్కకు పూస్తారు. రెండూ కలిసి నొక్కుకున్నప్పుడే రసాయన చర్య మొదలవుతుంది, అణువులు వలలా అల్లుకుని బిగుస్తాయి. ఒకసారి బిగిశాక నీళ్లకు కరగదు, బూజుకు తిండి కాదు. బ్రిటిష్ ఇండస్ట్రియల్ ప్లాస్టిక్స్ కూడా బీటిల్ పేరుతో ఇదే జాతి జిగురు తయారుచేసింది. మస్కిటోల్లో కేసిన్ స్థానంలోకి ఈ జిగుళ్లే వచ్చాయి. అతుకు పొడుగునా సన్నని లోహపు పట్టీ వేసి దాంట్లోకి కరెంటు పంపి వేడి చేస్తే గంటల తరబడి ఆరాల్సిన జిగురు నిమిషాల్లో ఆరుతుందని కూడా డక్స్‌ఫర్డ్ వాళ్లే చూపించారు.

అయితే ఈ కొత్త జిగురుకొక మొండితనం ఉంది. పలచని పొరగా ఉన్నంతవరకే దాని బలం. రెండు చెక్కలు సరిగ్గా ఆనకుండా సందు మిగిలితే, ఆ సందులో మందంగా పేరుకున్న జిగురు ఆరేటప్పుడు కుంచించుకుని సన్నని పగుళ్లు వేస్తుంది. సందుల్ని తట్టుకునే రకాలను తర్వాత తయారుచేశారు, నిజమే. కానీ ఏ జిగురూ అసలు తగలని చెక్కను పట్టుకోలేదు.

ఈ సంగతి బయటపడింది మన దేశంలో. 1943లోనే కొన్ని మస్కిటోలను ఇక్కడి వాతావరణం ఎలా పడుతుందో చూడటానికి పంపారు. 1944లో బర్మా యుద్ధం కోసం వెంజెన్స్ విమానాలు వాడే స్క్వాడ్రన్లకు వరుసగా మస్కిటోలిచ్చారు; 45వ స్క్వాడ్రన్ బెంగుళూరు దగ్గర యలహంకలో వాటిమీద చెయ్యి తిప్పుకుంది. ఆ అక్టోబరు నుంచి ప్రమాదాలు మొదలయ్యాయి. ఎగురుతుండగానే రెక్కల మీది ప్లైవుడ్ స్పార్ల నుంచి లేచిపోయి, రెక్క విరిగి, మనుషులు పోయారు. నవంబరులో విమానాలను ఆపేసి రెక్కలన్నీ తనిఖీ చేయమన్నారు. అందరి వేలూ ఒకే వైపు చూపించింది: ఇక్కడి ఎండ, ఇక్కడి వాన. చెదపురుగుల దాకా అనుమానాలు పోయాయి. డి హావిలాండ్ తమ్ముడు మేజర్ హియర్‌వార్డ్ నాయకత్వంలో కంపెనీ బృందం వచ్చి చూసి, డిసెంబరు మొదట్లో నివేదిక ఇచ్చింది: జిగురు చెడలేదు, వర్షాకాలంలో చెక్క కుంచించుకుపోవడం వల్ల ఇలా జరిగింది అని.

కంపెనీ వాళ్లే విచారించి వాతావరణాన్ని దోషిగా తేల్చడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. తర్వాతి విచారణలకూ పడలేదు. ఇంగ్లండ్‌లోని డెఫర్డ్‌లో విమానాల తయారీ మంత్రిత్వశాఖ బృందం ఆరు మస్కిటోల రెక్కలు విప్పి చూసింది. హాట్‌ఫీల్డ్, లీవ్స్‌డెన్ ఫ్యాక్టరీల్లో తయారైన ఆ విమానాలు మన వర్షాన్ని గానీ, మన చెదపురుగును గానీ కళ్లజూసినవి కావు. అన్నిట్లోనూ అవే లోపాలు. ప్లైవుడ్‌కీ స్పార్‌కీ మధ్య సందులు, జిగురు అంటీ అంటని అతుకులు. తొందరలో, అలవాటు లేని చేతులతో, కొలత కుదరని ముక్కలతో చేసిన పని. తేమ ఆ సందుల్ని పెద్దవి చేసి ఉండవచ్చు, పుట్టించలేదు. ఆ మనుషుల ప్రాణాలు తీసింది ఇంగ్లండ్ వర్క్‌షాపులో బిగించని క్లాంపు. 638వ నంబరు మార్పు అని ప్రధాన స్పార్ వెంబడి రెక్క పైన ఒక ప్లైవుడ్ పట్టీ వేసి ఆ అతుకును మూయడంతో సమస్య అదుపులోకి వచ్చింది. తూర్పు రంగానికి వచ్చిన విమానాలకు ఎండ వెనక్కి కొట్టేలా వెండి రంగు డోపు వేశారు.

అవతలి పక్షం కూడా ఇదే పాఠం ఇంకా కఠినంగా నేర్చుకుంది. కుర్ట్ టాంక్ రూపకల్పన చేసిన ఫోకవుల్ఫ్ టిఎ 154 అనే చెక్క రాత్రి ఫైటర్‌కి పేరు కూడా మస్కిటో అనే పెట్టారు. జర్మన్లు వాడిన టెగో ఫిల్మ్ చాలా మంచి సరుకు. కాగితంలాంటి జిగురు పొరను ప్లైవుడ్ మధ్య పెట్టి వేడిగా నొక్కడమే. వుప్పర్టాల్‌లో అది తయారయ్యే ఫ్యాక్టరీ మీద బ్రిటిష్ బాంబులు పడ్డాయి. బదులుగా తెచ్చిన చల్లని జిగురులో ఆమ్లం మిగిలి చెక్కనే తినేసింది. 1944 వేసవిలో టిఎ 154లు కూలాయి, ఆ విమానం కథ అక్కడితో ముగిసింది. హైంకెల్ 162 అనే జెట్ ఫైటర్‌ని మూడు నెలల్లో గీసి, కట్టి, డిసెంబరు 6న ఎగరేశారు. నాలుగు రోజులకు, అధికారులందరూ చూస్తుండగా దాని చెక్క రెక్క అంచు విడిపోయి పైలట్ గాట్‌హోల్డ్ పీటర్ చనిపోయాడు. అక్కడా కారణం జిగురే.

డి బ్రూయిన్ ఈలోగా చెక్కను దాటి పోయాడు. లోహాన్ని లోహానికి అతికించాలంటే అప్పటిదాకా ఉన్న రెజిన్లు గాజులా పెళుసు. 1941లో ఆయన బృందం ముందు ఫినాలిక్ రెజిన్ ద్రవం పూసి, అది తడిగా ఉండగానే పాలీవినైల్ ఫార్మల్ అనే ప్లాస్టిక్ పొడి చల్లి, వేడిలో నొక్కి చూసింది. రెజిన్ పట్టు ఇచ్చింది, ప్లాస్టిక్ సాగుడు ఇచ్చింది. రీడక్స్ అని పేరు పెట్టారు. మొదట ట్యాంకుల క్లచ్ పలకలకు వాడారు. 1944 జూలైలో ఎగిరిన డి హావిలాండ్ హార్నెట్ ఫైటర్ చూడటానికి చిన్న మస్కిటోలా ఉంటుంది, కానీ దాని రెక్కల్లో చెక్కనూ అల్యూమినియంనూ రీడక్స్ ఒక్కటిగా పట్టి ఉంచింది. యుద్ధం ముగిశాక 1949లో అదే కంపెనీ తెచ్చిన, పాత పందెం విమానం పేరే పెట్టుకున్న మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్‌లో చెక్క లేదు; రేకుని రేకుకి పట్టింది చాలాచోట్ల రీడక్సే. ఏరో రీసెర్చ్‌ను స్విట్జర్లాండ్ కంపెనీ సిబా 1940ల చివర్లో కొనేసింది. ఆ తర్వాత డక్స్‌ఫర్డ్‌లో తయారైన సరుకుల్లో ఒకటి మన హార్డ్‌వేర్ షాపుల్లోనూ దొరుకుతుంది. రెజిన్ ఒక ట్యూబు, హార్డెనర్ ఇంకో ట్యూబుగా వచ్చే అరల్డైట్.